బోర్డు పోయిందమ్మా, సార్ లేరా?

ఇప్పుడే ఒక మెకానిక్ మా ఇంట్లోంచి మొహం మాడ్చుకుని వెళ్లాడు. నా ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు. ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

రాత్రి మా అంబాజీపేట వైపు ఉరుములూ మెరుపులూ, కరెంటు పోవడం రావడం. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే నెట్ లేదు. ఈరోజు 20వ తారీఖు, జీఎస్టీఆర్-3బీకి (వ్యాపారులు నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుకి) ఆఖరి రోజు. నేను వేసిపెట్టాల్సినవాళ్లు ఇంకా నలుగురున్నారు. (ముందే పంపండి బాబూ అంటే పంపరు. 19 రాత్రి బిల్లులు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పడేస్తారు, అదీ సగం వేలు అడ్డం పెట్టి. వాళ్ల సంగతి ఇంకో రోజు.)

సీపీయూ వెనక నెట్ వైరు గుచ్చేచోట రెండు బుల్లి లైట్లు ఉంటాయి కదా, రెండూ వెలగట్లేదు. అదే వైరు ల్యాప్‌టాప్‌కి పెడితే నెట్ శుభ్రంగా వచ్చింది. అంటే వైరు బాగుంది, రౌటర్ బాగుంది. సిస్టమ్‌లో ఉన్న భాగాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో చూస్తే ల్యాన్ అడాప్టర్ (నెట్ వైరుని అందుకునే భాగం) అనేది పేరుకి కూడా లేదు. ఇదంతా ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పి, ఈలోగా ఫోన్ నెట్‌ని యూఎస్‌బీ వైరుతో సిస్టమ్‌కి తగిలించి పని మొదలెట్టాను.

వచ్చాడు. ఒక్క స్క్రూ విప్పలేదు. వంగి వెనక్కి చూసి, "మదర్‌బోర్డు పోయిందమ్మా. ఈ మోడల్ ఇప్పుడు దొరకదు. ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాలి. పధ్నాలుగు వేలు అవుద్ది" అన్నాడు. అతని కోసం పెట్టిన టీ ఇంకా పొంగనైనా లేదు.

బోర్డు పోతే నేను ఇందాకటి నుంచి రిటర్నులు వేస్తున్నది దేని మీదంట? రుబ్బురోలు మీదా?

కాటన్ దొర అదృష్టవంతుడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలెట్టే ముందు ఇతన్ని పిలిచి సలహా అడిగి ఉంటే, "గోదారి పోయిందండి, కొత్తది వేయించాల్సిందే, ఆయ్" అని కొటేషన్ ఇచ్చేసేవాడు. 1852కి ఆనకట్ట అయ్యేది కాదు, మనకి పంట కాలవలూ ఉండేవి కావు.

నిజంగా పిడుగు దెబ్బకి ల్యాన్ చిప్ పోవచ్చు, కాదనను. పోయినా బోర్డంతా ఎందుకు మార్చాలి? వెయ్యి రూపాయల లోపు యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ వస్తుంది, గుచ్చితే అయిపోయె. ఆ మాట నోటంట రాదే!

సరే, నేనే చేశాను. షట్‌డౌన్ చేసి, గోడ ప్లగ్గు పీకేసి, నెట్ వైరు కూడా తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకున్నాను. సిస్టమ్ ఆఫ్ చేసినా ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ల్యాన్ చిప్‌కి స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. దూరం నుంచి సిస్టమ్‌ని లేపే సౌకర్యం కోసం అలా పెట్టారు. కాబట్టి చిప్ బిగుసుకుపోతే ఎన్ని రీస్టార్టులు కొట్టినా కదలదు, ప్లగ్గు పీకాల్సిందే. పది నిమిషాలాగి ఆన్ చేశాను. లైట్లు వెలిగాయి. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రత్యక్షం. పవర్ సేవింగ్ కోసం దాన్ని ఆపేసే టిక్ కూడా తీసిపారేశాను.

అప్పుడు ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "సార్ చెప్పారామ్మా ఈ చిట్కా?"

అసలు వచ్చినప్పుడే అడిగాడు, "సార్ లేరా, సార్‌తో మాట్లాడతాను" అని. మా సార్ కొబ్బరి వ్యాపారం. కాయ చెవి దగ్గర ఊపి కురిడీ అయిందో లేదో చెప్పేస్తారు, ఆ విద్యకి నేను దణ్ణం పెడతాను. కంప్యూటర్ విషయానికొస్తే మాత్రం క్యాప్స్ లాక్ పడితే నన్ను కేకేస్తారు.

నాలుగేళ్ల కిందట నీళ్ల మోటారు ఇంతే. 'ఊఁ' అని మూలుగుతోంది, తిరగట్లేదు. కెపాసిటర్ పోయి ఉంటుంది చూడు బాబూ అని వచ్చిన మోటారు మెకానిక్‌తో అన్నాను. విన్నాడా? "కాయిల్ కాలిపోయిందమ్మా, వైండింగ్ చేయించాలి" అని విప్పబోయాడు. నేను చెప్పిన ముక్కే ఈయన ఫోన్లో చెబితే, "కరెక్టుగా చెప్పారు సార్" అని అయిదు నిమిషాల్లో కెపాసిటర్ మార్చేసి పోయాడు. నా గొంతుకి ఏ డ్రైవర్ వేసుకోవాలో ఎవరైనా చెప్పండి, డౌన్‌లోడ్ చేసుకుంటాను.

ఇంతకీ అసలు మంట ఇది కాదు. ఆ మెకానిక్ వెళ్తూ వెళ్తూ వీధి మొగలో మా ఆయనకి ఎదురై, "భలే నేర్పారు సార్ మేడం గారికి" అన్నాడంట. ఈయన "ఆఁ, ఏదో లెండి" అన్నారంట! అన్నానని నవ్వుతూ నాకే చెబుతున్నారు!!

పెన్‌డ్రైవ్ కనబడట్లేదని ఇందాకటి నుంచి పక్క గదిలోంచి పిలుస్తున్నారు. బోర్డు పోయుంటుంది, మెకానిక్‌కి ఫోన్ చేసుకోమన్నాను.