సిరప్ పట్టించి పంపిన తల్లిని తిట్టే ముందు స్కూల్ బాత్రూమ్ చూసి రండి

జూన్ 12 వచ్చిందంటే స్కూళ్లు తెరుస్తారు, ఇంచుమించు అదే టైంకి వానలు కూడా దిగుతాయి, ఇంకో రెండు మూడు వారాలకి క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలు. "మా బాబుకి నిన్నట్నుంచి ఫీవర్, ఇంకెవరికైనా ఉందా?" అని ఒకరు పెడితే చాలు, కాసేపట్లో సగం క్లాసు మంచంలో ఉందని తెలుస్తుంది. ఆ వెనకే వచ్చే మెసేజ్ కూడా ఎప్పుడూ ఒకటే, ఒంట్లో బాలేని పిల్లల్ని ఎందుకు పంపిస్తారండీ, కాస్త బాధ్యత ఉండొద్దా అని. స్కూల్ వాళ్లు కూడా అదే మాట కొంచెం మర్యాదగా సర్క్యులర్ కొట్టి పంపేసి చేతులు దులిపేసుకుంటారు. నన్నడిగితే ఈ తిట్లు సగానికి పైగా రాంగ్ అడ్రస్‌కి పోతున్నాయి.

పొద్దున్నే పిల్లాడి ఒళ్లు వెచ్చగా ఉంటే పారాసెటమాల్ సిరప్ పట్టించి బస్సెక్కించడం మన హైదరాబాద్‌లో మామూలైపోయింది, కాదనట్లేదు. ఆ సిరప్ నాలుగు నుంచి ఆరు గంటలు జ్వరాన్ని అణిచిపెడుతుంది, వైరస్‌ని మాత్రం ఏమీ చెయ్యదు, లంచ్ టైంకల్లా మళ్లీ ఒళ్లు కాలిపోతుంది, అప్పుడు స్కూల్ నుంచి ఫోన్. ఈలోపు పక్కనోడి వాటర్ బాటిల్ తాగడం, ఒకళ్ల మీద ఒకళ్లు దగ్గుకోవడం అన్నీ అయిపోయుంటాయి. తప్పే. కానీ ఆ తల్లి అలా ఎందుకు చేసిందో ఎవరూ అడగరు కదా. గచ్చిబౌలిలో ఐటీ జాబ్ అయినా అమీర్‌పేటలో బిల్లింగ్ కౌంటర్ అయినా కూకట్‌పల్లిలో నాలుగిళ్లలో పని అయినా, పిల్లాడికి జ్వరం అని లీవ్ అడిగితే వచ్చే మొహం ఒకటే. చట్టం ప్రకారం 26 వారాల మెటర్నిటీ లీవ్ ఉంది, 2017 సవరణతో 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా పెట్టాలన్నారు, బాగానే ఉంది, మూడేళ్ల పిల్లాడికి మంగళవారం పొద్దున జ్వరం వస్తే ప్రైవేట్ ఉద్యోగానికి దాంట్లో ఏముంది? ఏమీ లేదు. జ్వరం ఉంటే క్రెష్ వాళ్లూ తీసుకోరు, తీసుకోకూడదు కూడా. ఊరి నుంచి అమ్మమ్మో నానమ్మో వస్తే తప్ప ఆ రోజు గడవదు.

ఇక స్కూల్ సంగతి. యాన్యువల్ డే రోజు స్టేజి మీదకి పిలిచి హండ్రెడ్ పర్సెంట్ అటెండెన్స్ సర్టిఫికెట్ ఇస్తారు చూడండి, ఏడాదంతా ఒక్క రోజు కూడా మానకుండా వచ్చిన పిల్లాడంటే ఒకటి నిజంగానే గట్టి పిండం అయ్యుండాలి, లేదంటే జ్వరంతోనూ వచ్చుండాలి. యూనిట్ టెస్ట్ మిస్సయితే రీటెస్ట్ లేదు అని డైరీలో రాసిస్తారు, అదే డైరీలో ఇంకో పేజీలో జ్వరం వస్తే పంపొద్దు అని ఉంటుంది. రెండూ ఒకే స్కూల్ రాసినవే. ఇంట్లో ఎవరైనా ఈ రెండిట్లో మార్కులు పోయేదానికే భయపడతారు.

మన పాత పద్ధతి గుర్తుందా, అమ్మవారు పోసిందంటే పిల్లని బడికి పంపేవాళ్లు కాదు, చుట్టాలింటికి వెళ్లేవాళ్లు కాదు, గుమ్మానికి వేపాకు కట్టేవాళ్లు, నీళ్లు పోసేదాకా అంతే. నమ్మకం ఏదైనా జరిగింది మాత్రం ఐసొలేషనే, టెస్ట్ పోతుందని ఎవరూ అడగలేదు.

అయితే జబ్బున్న పిల్లలందరూ ఇంట్లో ఉండిపోతే సమస్య తీరిపోతుందా అంటే అదీ లేదు, ఇక్కడే గ్రూపులో తిట్టేవాళ్లు లెక్క తప్పుతున్నారు. ఆ అమ్మవారే తీసుకోండి, చికెన్‌పాక్స్ పొక్కులు కనపడటానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. తట్టు అయితే దద్దుర్లకి నాలుగు రోజుల ముందు నుంచి, పైగా ఆ పిల్లాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాల్లో ఉండగలదు. చేతులకీ కాళ్లకీ నోట్లోనూ పొక్కులొచ్చే హెచ్‌ఎఫ్‌ఎండీ, 2022లో కేరళలో టొమాటో ఫ్లూ అని టీవీల్లో హడావుడి చేశారే అదే బాపతు, దాని వైరస్ పిల్లాడు కోలుకున్నాక కూడా వారాల తరబడి మలంలో వస్తూనే ఉంటుంది. గేటు దగ్గర కరోనా నాటి థర్మల్ గన్ నుదుటికి పెడితే ఇవేవీ దొరకవు.

మరి దేనితో ఆగుతాయి? చాలావరకు సబ్బుతో, కిటికీలతో, టీకాలతో. బోరింగ్ జవాబే.

2020 నుంచి ప్రతి క్లాస్‌రూమ్ బయట శానిటైజర్ బాటిల్ పెట్టి దాన్నే శుభ్రత అనుకుంటున్నాం. హెచ్‌ఎఫ్‌ఎండీ వైరస్‌లకి, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి పైన కొవ్వు పొర ఉండదు, అందుకని శానిటైజర్ వాటి మీద అంతగా పని చెయ్యదు, సబ్బుతో ఓ 20 సెకన్లు రుద్ది నీళ్లతో కడిగితేనే పోతాయి. అడ్మిషన్ల టైంలో స్కూల్ టూర్‌కి వెళ్తే స్మార్ట్ బోర్డు చూపిస్తారు, స్కేటింగ్ రింక్ చూపిస్తారు, లక్షల ఫీజు కట్టే పేరెంట్ కూడా ఒక్కసారి పిల్లల బాత్రూమ్ చూపించండి అని అడగడు. అడగండి. కుళాయి ఐదేళ్ల పిల్లకి అందుతుందా, మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా నీళ్లొస్తాయా, సబ్బుందా. ఆ బాత్రూమ్‌కి వెళ్లలేక పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండే ఆడపిల్లలు ఎంతమందో, అది ఇంకో పెద్ద కథ.

ప్లేస్కూళ్లు, డేకేర్లలో ఇది ఇంకా ముదురుతుంది. మణికొండ, మియాపూర్ వైపు ఇండిపెండెంట్ ఇళ్లు అద్దెకి తీసుకుని నడుపుతున్నవి వీధికొకటి, బెడ్రూమే క్లాస్‌రూమ్, ఏసీ ఉందని కిటికీలన్నీ బిగించేస్తారు, ఏసీ ఉంది కాబట్టే ఫీజు ఎక్కువ అని పేరెంట్స్ కూడా సంతోషపడతారు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. రోజులో కొన్నిసార్లైనా కిటికీలు బార్లా తెరవాలి. ఇంకోటి, డైపర్ మార్చే ఆయమ్మే అన్నం తినిపిస్తుందా? మార్చే చోటుకి పక్కనే సింక్ ఉందా, లేక చెయ్యి కడగాలంటే వంటింటి దాకా నడవాలా? ఒక్కామె మీద పదిహేను మంది పిల్లల్ని వదిలేసి ప్రతిసారీ చెయ్యి కడుక్కోమ్మా అంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

టీకాల సంగతి చూస్తే మన ఊరు పరిస్థితి కాస్త వింతగా ఉంటుంది. టీకా కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ మనదే, విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి టీకా, టైఫాయిడ్ టీకా ఇక్కడే తయారై దేశదేశాలకి వెళ్తున్నాయి. రోటా టీకా ప్రభుత్వ కేంద్రాల్లో ఫ్రీ. టైఫాయిడ్ టీకా మాత్రం కొనుక్కోవాలి, చికెన్‌పాక్స్‌ది కొనుక్కోవాలి, గవదబిళ్లలకి కూడా అంతే, ఎందుకంటే ఫ్రీగా ఇచ్చే ఎంఆర్ టీకాలో తట్టు, రూబెల్లా వరకే ఉన్నాయి. ఫ్రీగా దొరికేవి కూడా రెండేళ్లు దాటాక మనవాళ్లు మర్చిపోతారు, ఐదారేళ్లకి డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, 10కి, 16కి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) ఉంటాయని ఎంతమందికి గుర్తుంటుంది చెప్పండి. అడ్మిషన్‌కి ఆధార్, బర్త్ సర్టిఫికెట్, నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు అడిగే స్కూల్, టీకా కార్డు జిరాక్స్ తీసుకున్నా దాంట్లో ఏది మిస్సయిందో చూసే మనిషిని పెట్టదు.

డెంగీ మళ్లీ వేరే. డెంగీ వచ్చిన పిల్లాడి పక్కన కూర్చుంటే రాదు, దోమ కుట్టాలి, ఆ ఏడిస్ దోమ పగలే కుడుతుంది, అంటే పిల్లలు స్కూల్లో ఉండే టైంలోనే. మేడ మీద పాత కూలరు, విరిగిన కుర్చీలు, మూత లేని డ్రమ్ము, వాటిలో నిలిచిన మంచినీళ్లు వారం పది రోజులు కదలకపోతే చాలు, కొత్త దోమలు తయార్. ఫ్రైడే డ్రైడే, అంటే శుక్రవారం నిల్వనీళ్లు పారబోయండి అని పోస్టర్ అంటించి ఆ పోస్టర్ కిందే పూలకుండీ ప్లేట్లో నీళ్లు వదిలేసే స్కూళ్లున్నాయి. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి ఆయన పేరే పెట్టాం, వానాకాలం వస్తే అక్కడి ఓపీ క్యూ గేటు దాకా.

ఇంకో వైపు అతి కూడా ఉంది. ముక్కు కారితే చాలు ఇంటికి పంపేసే డేకేర్లు. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే, జ్వరం లేకుండా హుషారుగా ఆడుకునే పిల్లాడిని ప్రతిసారీ ఇంట్లో కూర్చోబెడితే అమ్మ ఉద్యోగం పోతుంది. అలా లీవులన్నీ జలుబులకి ఖర్చైపోయాకే అసలు జ్వరం వచ్చిన రోజు సిరప్ బాటిల్ బయటికొచ్చేది. రూల్ స్పష్టంగా ఉంటే గొడవ తగ్గుతుంది: మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతే రావచ్చు, వాంతులు విరేచనాలు ఆగి ఒకట్రెండు రోజులవ్వాలి, చికెన్‌పాక్స్ అయితే పొక్కులన్నీ పక్కు కట్టాలి, తట్టు అయితే దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు, గవదబిళ్లలకి వాపు మొదలయ్యాక ఐదు రోజులు. ఇది అడ్మిషన్ రోజే చేతిలో పెట్టాలి, అటెండెన్స్ సర్టిఫికెట్ ఎత్తేయాలి, డాక్టర్ చీటీ అడగకుండా రీటెస్ట్ పెట్టాలి. క్లాసులో ఏదైనా జబ్బు కనిపిస్తే పిల్లాడి పేరు చెప్పకుండా జబ్బు పేరు మాత్రం అదే రోజు పేరెంట్స్‌కి చెప్పాలి, పరువు పోతుందని దాచేస్తే ఆ వారంలో ఇంకో నలుగురు పడకేస్తారు.

ఈ పనుల్లో పెద్ద ఖర్చయ్యేది ఒక్కటే, నర్సరీకి ఇంకో ఆయమ్మని పెట్టడం. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో నేనడగబోయేది కూడా ముందు అదే, తర్వాత రీటెస్ట్ సంగతి.