గొట్టం బయటుంటే తప్పేంటి?

తేజస్ ఫొటో వచ్చినప్పుడల్లా గాల్లోనే ఇంధనం నింపుకోవడానికి కాక్‌పిట్‌కు కుడిపక్కన పొడుచుకొచ్చిన గొట్టం (ప్రోబ్) మీద వెక్కిరింపులు మొదలవుతాయి. రఫేల్‌దీ అదే తీరు, అదీ కుడివైపే, దాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

లోపలికి ముడుచుకునే ప్రోబ్‌కు గూడు, తలుపు, దాన్ని నెట్టే జాక్ కావాలి. చిన్న విమానం ముక్కులో రాడార్, దాని ఎలక్ట్రానిక్స్ సర్దాక అంత జాగా ఎక్కడిది? భారీ సుఖోయ్-30లో కూడా ఎడమవైపు ప్రోబ్‌కు చోటిచ్చేసరికి నడిమధ్య ఉండాల్సిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ కుడికి జరగాల్సి వచ్చింది. బయట ఉంచేస్తే గాలి ఒరిపిడి కొంత పెరుగుతుంది. కానీ తలుపు ఇరుక్కుపోతుందన్న బెంగ ఉండదు.

ప్రోబ్ కొన పైలట్‌కు కనబడాలి, అసలు షరతు అది. ఇంధనం ఇచ్చే విమానం, అంటే ట్యాంకర్, వదిలిన గొట్టం చివరి బుట్టలోకి సుమారు మూడు నాట్ల తేడా వేగంతో, అంటే చురుకైన నడక వేగంతో దూరాలి. మరీ మెల్లగా వెళ్తే లాక్ పడదు. దూకుడుగా వెళ్తే గొట్టం వదులై కొరడాలా విదిలిస్తుంది, ప్రోబ్ కొన విరుగుతుంది. విమానం దెబ్బతినకుండా అక్కడే విరిగేలా దాన్ని కావాలనే బలహీనంగా చేస్తారు. పైగా విమానం ముక్కు చీల్చిన గాలి బుట్టను పక్కకు నెడుతుంది. బుట్టనే చూస్తూ పోయిన పైలట్ దానితోపాటు ఊగిపోతాడు. 2018 సెప్టెంబర్ 10న తేజస్ ఇదంతా దాటి, 20,000 అడుగుల ఎత్తున, 270 నాట్ల వేగంతో ఐఎల్-78 ట్యాంకర్ నుంచి 1,900 కిలోల ఇంధనం తీసుకుంది.

విమానంలో తుపాకీ ఎక్కడ పెట్టాలన్న కథ ఇంకా చిక్కు. మన వాయుసేన కూడా నడిపిన హంటర్ యుద్ధవిమానాన్ని చూడండి. ముక్కు కింద నాలుగు 30 ఎంఎం ఏడెన్ తుపాకులు. తొలి రకాల్లో, ఎక్కువ ఎత్తులో కాలిస్తే ఆ పొగ ఇంజిన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి పోయి ఎవన్ ఇంజిన్ సర్జ్ అయ్యేది, అంటే లోపలి గాలి ప్రవాహం చెదిరేది. ట్రిగ్గర్ నొక్కగానే ఇంజిన్‌కు ఇంధనం కాసేపు తగ్గే ఏర్పాటు చేశారు. తూటాలను కలిపే లింకులు ఎగిరి విమానం ఒంటికే తగులుతుంటే, వాటిని పట్టడానికి పొట్ట కింద రెండు ఉబ్బులు తగిలించారు.

ఎఫ్/ఎ-18లో తుపాకీ ముక్కులోనే, మధ్యగీత మీదే ఉంది. గురికి అంతకన్నా మంచి చోటు లేదు, కాకపోతే రాత్రి మెరుపు పైలట్ కళ్లలో పడుతుంది, అదురు రాడార్‌కు తగులుతుంది. ఎఫ్-16లా ఎడమ రెక్క మొదట్లో పెడితే ఆ రెండు బాధలూ తప్పుతాయి, కానీ కాల్చిన ప్రతిసారీ ముక్కు పక్కకు లాగుతుంది, చుక్కాని దిద్దుకోవాలి. ఎ-10 విమానం తయారుచేసినవాళ్లు మరీ మొండిగా, కాల్చే గొట్టం సరిగ్గా మధ్యగీత మీదికి రావాలని ముందు చక్రాన్నే పక్కకు జరిపేశారు.

ఎఫ్-35ఎలో 25 ఎంఎం తుపాకీ ఎడమ ఇన్‌టేక్ పైన, తలుపు చాటున ఉంటుంది. బీ, సీ రకాల్లో అదే తుపాకీని పొట్ట కింద పాడ్‌లో, అంటే విడిగా తగిలించే డొప్పలో, వేలాడదీశారు. 2019 అమెరికా పరీక్షల నివేదికలో గురి బాగోలేదని చెప్పింది లోపల దాచిన దాని గురించే, దాని బిగింపులో తేడాలు బయటపడ్డాయి. పాడ్ గురికి వంక పెట్టలేదు.