లాభం, రెండు, మూడు

(పాలమూరులో ఒక ఇల్లు. అత్త బస్తా మూతి విప్పి శేరుతో బియ్యం డబ్బాలోకి కొలుస్తోంది. కోడలు డిప్లొమా కాలేజీలో నెట్‌వర్క్ పాఠం చెబుతుంది. మంచం నిండా పరీక్ష పేపర్లు, చేతిలో ఎర్ర పెన్ను. ముంబైలో పనిచేసే కొడుకు వీడియో కాల్ ఇప్పుడే తెగింది.)

అత్త: నా కొడుకు మొకం గళ్ల లుంగీ లెక్క అయిపాయెనే! నోరొక దిక్కు, మాటొక దిక్కు. ఈ నెట్టు పెట్టిపిచ్చింది నువ్వే గద?

కోడలు: నెట్టు మంచిగనే ఉన్నది అత్తమ్మా. వీడియో కాల్ ఎక్కువగ యూడీపీ అనే పంపే పద్ధతి మీద పోతది. దారిల పడిపోయిన ప్యాకెట్టును, అంటే డేటా ముక్కను, యూడీపీ మల్ల పంపదు.

అత్త: పొద్దుగాల వాడు పంపిన ఫోటోల చుక్క గూడ పోలేదు మరి.

కోడలు: అది టీసీపీ, ఇంకో పద్ధతి. ఒక్క బైటు, అంటే గింజంత డేటా, తక్కువైనా ఊకోదు, మల్ల తెప్పిస్తది.

అత్త: మాట గూడ దాని మీదనే పంపమను. ఎవలు వద్దన్నరు?

కోడలు: మాటను మామూలుగ 20 మిల్లీసెకన్ల ముక్కలు చేస్తరు, సెకనుకు 50. ఒకటి పోయిందనుకో. టీసీపీ అయితే అది దొరికేదాక వెనకొచ్చిన ముక్కలను గూడ పట్టుకొని కూసుంటది, యాప్‌కు ఇయ్యదు. లగ్గం అయినంక డప్పులొస్తే ఏం జేస్కుంటం? 150 మిల్లీసెకన్లు దాటి లేటైతుంటే ఇద్దరు ఒకల మాటల మీద ఒకలు మాట్లాడ్తరు.

అత్త: మనిద్దరం నెట్టు లేకుంటనే గట్ల మాట్లాడ్తం. మరి ఆ గళ్లేంది?

కోడలు: ప్రతిసారి మొత్తం బొమ్మ పంపరు. ముందుటి బొమ్మ కన్న ఏం మారిందో అదొక్కటే పంపుతరు. నడిమిట్ల ఒకటి పోతే, దాని మీద కట్టినవన్నీ వంకర. నిండు బొమ్మ ఒకటి వచ్చేదాక గంతే.

అత్త: (కొలుస్తూ) లాభం... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు... ఆరున్నొక్కటి...

కోడలు: ఈ పేపర్ రాసిన పిలగాడు నీ దగ్గర నేర్చుకోవాలె. ‘టీసీపీ బైట్ల లెక్క ఒకటి నుంచి మొదలైతది’ అని రాసిండు.

అత్త: ఒకటంటే ఇంట్ల నిలుస్తదా? లాభం అనాలె.

కోడలు: అది గూడ ఒకటనదు. కనెక్షన్ కనెక్షన్‌కు ఎవలూ ఊహించని అంకె ఎత్తుకుంటది. పాత కనెక్షన్ ముక్క దారి తప్పొచ్చి కొత్త దాంట్ల కలవొద్దు, బయటోడు అంకె కనిపెట్టి దొంగ ముక్క దూర్చొద్దు. ఆ అంకెలు ముందుగాల చెప్పుకుంటరు. ‘నా అంకె ఇది’, అది సిన్. ‘విన్న, నాది ఇది’, సిన్-యాక్. ‘నేను గూడ విన్న’, యాక్. ఇవి మూడూ అయినంకనే సరుకు.

అత్త: ‘ఇనబడ్తుందా?’ ‘ఇనబడ్తుంది, నీకు?’ ‘ఆఁ, ఇనబడ్తుంది.’ నీ మొగడు ఫోన్ చేస్తే సగం టైము దీనికే పాయె.

కోడలు: యూడీపీ గదేం అడగదు, ఎత్తంగనే మొదలు. ఒక మాటకు ఒక జవాబైతే అదే నయం. వెబ్‌సైటు పేరుకు అడ్రసు అడిగే డీఎన్‌ఎస్ మామూలుగ యూడీపీల 53 నంబరు తలుపు (పోర్టు) మీద అడుగుతది. జవాబు అందుల పట్టకుంటే టీసీపీ మీదికి పోతది.

అత్త: పోయింది పోయినట్టు టీసీపీకి ఎట్ల తెలుస్తదే?

కోడలు: అటు దిక్కు ‘నాకు ఇంక రావాల్సింది ఫలానా బైటు’ అని జవాబిస్తుంటది. అదే జవాబు మల్ల మూడుసార్లొస్తే, గడియారం చూడకుంట పంపుతది. అసలు జవాబే లేకుంటే ఆగుతది. కొత్త కనెక్షన్‌కైతే ఒక సెకను, తర్వాత రెండు, తర్వాత నాలుగు.

అత్త: నీకు మూడుసార్లు చెప్తే గూడ గడియారం దిక్కే చూస్తవ్.

కోడలు: అత్తమ్మా, డబ్బ! పోస్తనే ఉన్నవ్!

(గుప్పెడు బియ్యం కింద పడ్డాయి.)

అత్త: జర ముందుగాల చెప్పొద్దా?

కోడలు: టీసీపీ చెప్తది. ప్రతి జవాబుల ‘నా దగ్గర ఇంత జాగ ఉన్నది’ అని రాస్తది, దాన్ని విండో అంటరు. యూడీపీల గది లేదు. నిండితే పడిపోతది, పోసినోనికి తెల్వది. సరే గని, ఐదో శేరు ఏదో చూపియ్యి.

అత్త: డబ్బల పోసినంక శేరేడ కనబడ్తదే పిచ్చిదానా?

కోడలు: పిలగాండ్లు తప్పేది గీడనే! ‘వస్తున్న’ అని ఒకసారి, ‘ఆగు’ అని ఒకసారి టీసీపీల పంపుతరు. అటు ‘వస్తున్నఆగు’ అని కలిసొస్తది, లేకుంటే ‘వస్తు’ దగ్గర తెగుతది. ఇంట్ల ఒకటే కంప్యూటర్‌ల ఆడిస్తే మంచిగ నడుస్తది, బయట నెట్టు మీద పెట్టంగనే ఆగమైతది. ఎన్ని బైట్లో ముందు రాసి, తర్వాత మాట పంపాలె. చదివేటోడు అన్ని బైట్లు వచ్చేదాక మల్ల మల్ల చదవాలె. యూడీపీ అట్ల గాదు, పొట్లం. వస్తే మొత్తం వస్తది, లేకుంటే రానే రాదు. ఒక్కోసారి ఒకటే రెండుసార్లొస్తది, వెనకది ముందొస్తది.

అత్త: ఎంత పెద్ద పొట్లమైనా కట్టొచ్చా?

కోడలు: ఈథర్నెట్ (వైరు నెట్టు) దారిల ఒక్క పొట్లానికి 1500 బైట్లు. పొట్లం మీద అడ్రసు రాసే ఐపీ చీటీకి 20, యూడీపీ చీటీకి 8 తీసేస్తే 1472. దాటితే ముక్కలైతది, ఒక్క ముక్క పోయినా పొట్లం మొత్తం చెత్తల. దారిల ఇంకేం తగుల్కుంటదో, 1200 లోపల కట్టుడే మంచిది.

అత్త: దానికి 8 అయితే, నీ టీసీపీకెంత?

కోడలు: తక్కువల తక్కువ 20. యూడీపీ గురించి 1980ల రాసిన కాయిదం మూడే పేజీలు. 1981ల టీసీపీది ఎనభై దాటింది.

అత్త: యూడీపీ నా లెక్క, టీసీపీ నీ లెక్క.

కోడలు: (వినబడనట్టు సున్నా చుడుతూ) ‘యూడీపీ వైరు మీద జోరుగ ఉరుకుతది.’ ఇద్దరిదీ ఒకటే బస్సు! ఒకడు దిగినంక ఫోన్ చేస్తడు, ఒకడు చెయ్యడు, గంతే.

అత్త: మీ మామ ఫోన్ల మ్యాచ్ చూస్తుంటే, పక్కింటోళ్లు ముందుగాల ఒర్రుతరు. అది గూడ యూడీపీయేనా?

కోడలు: క్లాసుల సగం మంది గదే రాసిండ్రు. లైవ్ మ్యాచును చాలా యాప్‌లు కొన్ని సెకన్ల ముక్కలు చేసి, ఫైలు దించినట్టు దించుతయి. రెండు మూడు ముక్కలు దగ్గర పెట్టుకొని ఆడిస్తయి. గళ్లు రావు గని లేటొస్తది.

అత్త: రెండింటిని కలిపినోడు ఎవడూ లేడా?

కోడలు: ఉన్నడు, క్విక్. 2021ల పక్కా చేసిండ్రు. యూడీపీ పొట్లాలే, గని లెక్క పెట్టుడు, మల్ల పంపుడు తనే చేస్తది. ఒక ఫైలు ముక్క పోతే పక్క ఫైలు ఆగదు. అవునత్తమ్మా, ఎన్ని శేర్లైనయి?

అత్త: ...తొమ్మిదా? నీ అసుంటి కోడలుంటే లాభం గూడ గుర్తుండదు.

(ఫోన్ మోగింది.)

అత్త: ఇనబడ్తుంది బిడ్డా, నీకు? ...మూడోది వస్తలేదేందే?

కోడలు: మల్ల అడుగు.

అత్త: ఇనబడ్తుంది బిడ్డా, నీకు? ...ఇనబడ్తుంది బిడ్డా, నీకు?

కోడలు: గట్ల ఉరుకొద్దత్తమ్మా! ఈసారి నాలుగు సెకన్లు ఆగాలె.