సమ్మెకు చోటు, సమయం: ఫ్లింట్ నుంచి 2028 దాకా

1936 డిసెంబరు 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో కార్లు తయారుచేసే జనరల్ మోటార్స్ కార్మికులు పని ఆపేశారు గానీ ఇళ్లకు వెళ్లలేదు. యంత్రాల పక్కనే బైఠాయించారు. గేటు బయట నిలబడితే యాజమాన్యం కొత్తవాళ్లను తెచ్చి పని నడిపించుకుంటుంది. లోపలే కూర్చుంటే ఆ దారి మూసుకుపోతుంది. పైగా అక్కడి ఫిషర్ బాడీ ఒకటో ప్లాంటులో రేకును నొక్కి కారు బాడీలు తయారుచేసే కీలకమైన అచ్చులు ఉన్నాయి. అవి కదలకపోతే ఇతర ఊళ్లలోని ప్లాంట్లకూ పని ఉండదు. జనవరి 11న పోలీసులు బాష్పవాయువు వదిలారు, కాల్పులు జరిపారు. కార్మికులు చేతికందిన ఇనుప సామాను విసిరి, నీటి గొట్టాలతో వారిని వెనక్కి తరిమారు. గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ నేషనల్ గార్డ్‌ను దించారు, కానీ కార్మికులను గెంటేయడానికి వాడలేదు. ఆయన పట్టిన ఆ నిగ్రహం లేకపోతే అచ్చులు చేతిలో ఉన్నా గెలుపు దక్కేది కాదని నా నమ్మకం. 44 రోజులకు కంపెనీ దిగివచ్చి ఆటో కార్మికుల సంఘమైన యుఏడబ్ల్యూను గుర్తించింది.

ఆ ఆయుధాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1939లోనే లాగేసుకుంది. బైఠాయింపుకు చట్టరక్షణ లేదంది. సమ్మె చేసేవారి స్థానంలో శాశ్వతంగా కొత్తవారిని పెట్టుకోవచ్చని అంతకు ముందు ఏడాదే చెప్పింది. 1981లో అధ్యక్షుడు రీగన్ సమ్మెకు దిగిన 11 వేల మందికి పైగా ప్రభుత్వ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను తొలగించాక ప్రైవేటు యాజమాన్యాలు ఆ వెసులుబాటును జంకు లేకుండా వాడుకున్నాయి.

2023లో యుఏడబ్ల్యూ అధ్యక్షుడు షాన్ ఫెయిన్ ఫోర్డ్, జనరల్ మోటార్స్, స్టెల్లాంటిస్‌ల మీద ఒకేసారి సమ్మె ప్రకటించారు. మొదట కంపెనీకి ఒక్క ప్లాంటు చొప్పునే ఆపించారు. తర్వాత ఏది ఆగుతుందో యాజమాన్యాలకు ముందుగా తెలియనివ్వలేదు. సమ్మెలో ఉన్నవారికి భృతి ఇచ్చే సంఘం నిధి త్వరగా కరగలేదు, కంపెనీలకు కుదురు లేకుండా పోయింది. ఒప్పంద కాలంలో 25 శాతం వేతన పెంపు సాధించారు.

కాఫీ దుకాణాల సంస్థ స్టార్‌బక్స్‌లో ఇది సాధ్యం కాదు. ఒక దుకాణం మూతపడితే కొనేవాళ్లు పక్క వీధిలోని మరో దుకాణానికి వెళ్తారు. 2021 చివర బఫెలోలో మొదలై వందల దుకాణాల్లో కార్మికుల ఓటుతో సంఘం గెలిచినా, 2024 ముగిసేదాకా ఒక్క ఒప్పందమూ కుదరలేదు. చర్చలకు కూర్చోమనే చట్టం, ఒప్పుకొని తీరాలని మాత్రం అనదు. అన్యాయం అక్కడే ఉంది.

ఇతర సంఘాలు సానుభూతితో తోడు రావడాన్ని 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం బాగా కట్టడి చేసింది. అందుకే యుఏడబ్ల్యూ తన ఒప్పందాల గడువును 2028 ఏప్రిల్ 30గా పెట్టుకుని, మిగతా సంఘాలనూ అదే తేదీ పెట్టుకోమని కోరింది. అప్పుడు గడువు తీరిన మర్నాడే, మే డే నాడు, ఎవరి సమ్మె వారిదే అయినా అన్నీ కలిసే సాగుతాయి. తొలి ఒప్పందం కోసమే ఇంకా పోరాడుతున్నవారికి మాత్రం కలుపుకోవడానికి గడువు తేదీ అంటూ ఉండదు.