పుస్తకాల అల్మారా ఒక్కటే కాదు, రేషన్ కూపన్లూ ఉండాలి

నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక అన్నే ఫ్రాంక్ గురించిన వ్యాసంలో, ఆమె కుటుంబాన్ని రెండేళ్లు కాపాడింది రహస్య స్థావరం తలుపును దాచిన పుస్తకాల అల్మారాయే అన్నట్టు రాశారు. ఆ అల్మారా వచ్చింది 1942 ఆగస్టులో. వాళ్లు ఆమ్‌స్టర్‌డాంలోని ప్రిన్సెన్‌గ్రాక్ట్ 263లోకి చేరింది జులై 6నే. పైగా తలుపు దగ్గర మెట్టు తీసేయడంతో వంగి దూకాల్సి వచ్చేది. అందరి నుదుళ్లూ బొప్పి కట్టాక, చెక్క పొట్టు కూరిన తువ్వాలు గుమ్మానికి కొట్టారు.

అసలు కష్టం తిండి. అజ్ఞాతంలోకి వెళ్లిన యూదులు తమ పేరున రేషన్ తీసుకోలేరు. కూపన్లు లేకుండా కొనాలంటే నల్లబజారే. ఫ్రాంక్ కుటుంబంతో పాటు దాక్కున్నవాళ్లతో కలిపి ఎనిమిది మందికి కావలసిన కూపన్లు, వాళ్లకు సాయపడిన మీప్ భర్త యాన్ గీస్ నాజీ వ్యతిరేక ప్రతిఘటన ఉద్యమం వాళ్ల ద్వారా సంపాదించేవాడు, కొన్ని బయట కొనేవాళ్లు. అన్నే తండ్రి ఆఫీసు ఉద్యోగులే తిండి చేరవేసేవాళ్లు: కూరగాయలు మీప్, రొట్టె క్లైమన్‌కి తెలిసిన బేకరీ నుంచి, పాలు బెప్. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా పైన దాక్కున్నవాళ్ల కడుపు మాడేది. 1944 మార్చిలో కూపన్లు అమ్మేవాళ్లు ఇద్దరు దొరికిపోయారు. మేలో కూరగాయల కొట్టు యజమాని కూడా, తన ఇంట్లో ఇద్దరు యూదులను దాచినందుకు.

వాళ్లను పట్టించిన ద్రోహి ఎవరన్న చర్చకే వ్యాసంలో సగం పోయింది. వాళ్లు పట్టుబడిన 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చింది ఈ దొంగ కూపన్ల కేసు కోసమూ అయ్యుండవచ్చని అన్నే ఫ్రాంక్ హౌస్ మ్యూజియం పరిశోధకులు 2016లోనే చెప్పారు. రుజువు కాలేదు, నిజమే. కానీ ఆ మాటే ఎత్తకపోవడం లోపం.