లివర్ బాగానే ఉందిగా!

నాన్న రక్తంలో లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్ ఉందని తేలింది. వెంటనే మందులు మొదలుపెట్టాలంటుంది డయాలసిస్ సెంటర్లో నర్సుగా చేసే అక్క. అంత తొందరేంటంటాడు తమ్ముడు.

తమ్ముడు: లివర్ టెస్టులన్నీ నార్మల్. కామెర్లు లేవు. ఊరికే మందులెందుకక్కా?

అక్క: కాళ్ల మీద ఎర్ర మచ్చలు చూశావా?

తమ్ముడు: ఎండలకి వేడి చేసుంటుంది.

అక్క: మామూలు దద్దుర్లయితే వేలితో నొక్కగానే తెల్లబడతాయి. ఇవి తెల్లబడలేదు. చర్మం కింద రక్తం చిమ్మిందన్నమాట. వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటే, దానితో పోరాడే కణాలు విశ్రాంతి లేక తేడా యాంటీబాడీలు తయారుచేస్తాయి. చల్లదనానికి గడ్డకట్టే వాటిని క్రయోగ్లోబ్యులిన్లు అంటారు. అవి సన్నటి రక్తనాళాల్లో పేరుకుంటాయి. చర్మంలోనైతే మచ్చలు, నరాల దగ్గరైతే పాదాల్లో తిమ్మిర్లు, కీళ్లలో నొప్పులు. కిడ్నీ జల్లెడలో పేరుకుంటే మూత్రంలో ప్రొటీన్ పోతుంది. కొద్దిమందిలో లింఫోమా అనే క్యాన్సర్ దాకా వెళ్తుంది. లివర్ రిపోర్టులో ఇవేవీ కనపడవు.

తమ్ముడు: నాన్నకి పదేళ్లుగా షుగర్. తిమ్మిర్లూ, ప్రొటీనూ షుగర్‌కీ వస్తాయిగా? అన్నీ వైరస్ మీదికి తోసేస్తే ఎలా?

అక్క: నిజమే, నేను తేల్చి చెప్పలేను. ఈ వైరస్ ఉన్నవాళ్లకి షుగర్ వచ్చే అవకాశమూ ఎక్కువే. అందుకే ఆ క్రయోగ్లోబ్యులిన్ల టెస్టు చేయిద్దామంటున్నా. ల్యాబ్‌కి శాంపిల్ ఒంటి వేడి మీదే చేరాలి. చల్లారితే ఉన్నది కూడా లేదని వస్తుంది.

తమ్ముడు: మా ఆఫీసులో ఒకాయన దీనికే ఏడాదిపాటు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. జ్వరాలు, దిగులు, మనిషి సగమయ్యాడు. వైరస్ మాత్రం పోలేదు.

అక్క: అది పాత వైద్యంరా. ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలే. నూటికి 95 మందికి వైరస్ పోతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఉచితంగా ఇస్తున్నారు.

తమ్ముడు: అసలు 1997లో ఆపరేషన్‌కి రక్తం ఎక్కించమన్నది నువ్వేగా!

అక్క: ఎక్కించకపోతే ఆ రాత్రి దాటేవారా? రక్తనిధుల్లో హెపటైటిస్-సి టెస్టు తప్పనిసరైంది 2001లో. అప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు?

తమ్ముడు: ఇప్పటికీ నాకేదీ చెప్పరు. ఈ రిపోర్టు కూడా వారం తర్వాతే తెలిసింది.

అక్క: చెప్పాల్సింది. తప్పు నాదే.

తమ్ముడు: మందులు వాడితే కిడ్నీ బాగవుతుందా?

అక్క: మచ్చలు చాలామందికి తగ్గుతాయి. కిడ్నీలో ఇప్పటికే పాడైంది తిరిగి రాకపోవచ్చు. నాన్నని మా సెంటర్లో పడుకోబెట్టి సూదులు గుచ్చే రోజు నాకొద్దురా.

తమ్ముడు: మచ్చలు వేడివల్లేనని నాకింకా అనిపిస్తోంది. అయినా రేపు నేనే తీసుకెళ్తా. ఎన్నింటికి రమ్మన్నారు?