పరీక్షకు నిలిచేదే సైన్సు పాఠం

జీవులన్నిటినీ దేవుడే ఇప్పుడున్నట్టుగా సృష్టించాడనే సృష్టివాదం, జీవులు తరతరాలుగా మారుతూ వచ్చాయనే పరిణామం రెండూ సైన్సు క్లాసులోనే చెప్పి, ఏది నిజమో పిల్లలకే వదిలేయాలన్న ఓ వ్యాసంలోని మాట నాకు సమ్మతం కాదు. తప్పైతే తప్పని తేల్చే వీలున్నదే సైన్సు. మనిషి పుట్టడానికి ఎంతో ముందు, డైనోసార్లు తిరిగిన జురాసిక్ యుగం నాటి కోటా రాతిపొరలో ఒక్క మనిషి ఎముక దొరికినా పరిణామ సిద్ధాంతం ఇరుకున పడుతుంది. సృష్టివాదానికి అలాంటి పరీక్షే లేదు. ఆ పొరకు పేరిచ్చిన కోటా ఊరు మన సరిహద్దున మహారాష్ట్రలో ఉన్న సిరోంచ దగ్గరిదే. తెలంగాణలోని యామన్‌పల్లిలో అదే పొరలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. పిల్లలకు ముందు ఇది చెప్పాలి. తర్వాత పరిణామం ఎలా జరుగుతుందో చూపడానికి నల్లగుడ్డ మీద 50 మినుములు, 50 పెసలు చల్లి, ఒక్కో గింజ చొప్పున గబగబా 50 ఏరించాలి. మిగిలిన ప్రతి గింజకూ అదే రకం మరొకటి కలపాలి. నల్లగుడ్డలో కలిసిపోయి కంటపడవు కాబట్టి మూడు నాలుగు విడతల్లో మినుములే ఎక్కువవుతాయి. పెసల బదులు సెనగలు వాడితే రంగు చూసి కాక సైజు చూసి ఏరతారు, ప్రయోగం చెడుతుంది. గుప్పిళ్లతో తీసినా అంతే. "పెసలు మినుములుగా మారాయి" అనుకునే పిల్లలుంటారు. ఏ గింజా మారలేదు, వాటి నిష్పత్తే మారిందని అక్కడికక్కడే లెక్కపెట్టించి చూపాలి. సృష్టి కథలను తెలుగు వాచకంలో, చరిత్రలో గౌరవంగా చెప్పుకోవచ్చు.